ఇంకా బెత్తెడు కావల్ల

గోళ్ళు తగలకుండా వేళ్ళ కొసలతో తల మర్దన చేసుకోవాలి. తడి జుట్టును దువ్వకూడదు. జడ బిగించి వేయకూడదు. బోరు ఉప్పునీళ్ళు నెత్తిన పడకూడదు. కొళాయికి నాలుగు రోజులకోసారి వచ్చే మంచినీళ్ళలో ఒక బిందె తలకని దాచాలి. పొద్దున్నే నానబెట్టిన పెసలు గుప్పెడు, బెల్లంతో తినాలి. గుంటగలగరాకు, కరివేపాకు వేసి ఆముదం కాచాలి. కాచినదాంట్లో సగం తిరుపాలమ్మకు ఇవ్వాలి. మధ్యాహ్నం ఒక రాగిముద్ద కూడా ఆమెకే.

"కడాకు చెప్పిన రెండూ నా జుట్టుకెట్ల పనికొస్తాయవ్వా?" అంది హేమలత.

"అది ఫీజు మే," అంది తిరుపాలమ్మ, ముద్దను పప్పులో అద్దుకుంటూ. "నీకు డిగ్రీ చెప్పినోళ్ళు ఊరికే చెప్పినారా?"

విడపనకల్లులో ఆ వీధి పిల్లలందరికీ ఆమె అవ్వ, పెద్దవాళ్ళకు వరసకు అత్త. డెబ్బై దాటిన మనిషి. నెత్తిమీద కొంగు మాత్రం ఎప్పుడూ జారనివ్వదు.

హేమలతకు డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. చిక్కంతా అక్కడే వచ్చింది. పరీక్ష రోజు తల్లి ఆంజినమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంది: "స్వామీ, పాపకు ఉద్యోగమొస్తే మా ఇంట్లో ఆడమనిషి తలనీలాలు ఇస్తాం." ఉద్యోగం ఎవరికొస్తే గుండు వాళ్ళకేనని ఆమె తీర్మానం. జనవరిలో ఫలితాలు రాగానే బస్సెక్కుదామంది.

అడ్డుపడింది తిరుపాలమ్మే.

"ఆ ఎలకతోకనా స్వామికిచ్చేది? ఆయప్పకు ఒళ్ళంతా ఎంటికలే. ఇచ్చేదేదో కంటికి ఆనేటట్ల ఇయ్యండి. బడి తెరిసేది జూన్లో గదా. అంతవరకు పెంచుదాం."

హేమలతకు ఊపిరాడింది. తర్వాత ఆలోచిస్తే ఒళ్ళు మండింది. గుండుతో బడిలో అడుగుపెడితే పిల్లలు మొదటి రోజే పేరు పెడతారు. ఆ పేరు రిటైరయ్యేదాకా వదలదు. ఇప్పుడు ఆ కోతకు తన చేతులతో తానే ఎరువు వేసుకోవాలి.

అయినా వేసుకుంది. తల్లి మాట దాటడం ఆమెకు అలవాటు లేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచింది. దుమ్ము పడకుండా ముద్ద గిన్నెకు రెండు చేతులూ అడ్డం పెట్టబోయి అవ్వ కొంగు వదిలేసింది. కొంగు కింద జడా లేదు, ముడీ లేదు. కోసేసిన జొన్నచేనులా తెల్లటి మోళ్ళు.

హేమలత నోరు తెరిచింది. "అవ్వా! నీ నెత్తిన లేంది నా నెత్తిన మొలిపిస్తాండావా? మా నూనంతా యాడ పోస్తాండావు?"

"నా నెత్తికే."

"మరి జుట్టేదీ?"

"వస్తాది. అంతలోకే పారిపోతాండానా?" కొంగు సర్దుకుని మళ్ళీ ముద్ద మీద పడింది అవ్వ. "నర్సు ట్రైనింగుకు పోయిన లక్ష్మక్క కూతురి జడ జూసినావా? చౌడప్ప మనవరాలి జడ జూసినావా? అవి నిలబెట్టింది ఎవురనుకున్నావు?"

"నీ నూనె."

"సరే, నూనే అనుకో."

ఆ రాత్రి హేమలత తల్లితో అంది. "మా, బోడి తలది నాకు జుట్టు పాఠాలు చెప్తాండాది. ముద్ద కోసం ఆడే నాటకం ఇది."

"వయసుకు రాలింటుందిలే. నీది పెరుగుతాండాదా లేదా?"

పెరుగుతోంది. రాలడం తగ్గింది. ఉగాది నాటికి జడ పిడికిట్లో నిండింది. అద్దం ముందు నిలబడితే ముద్దొచ్చేది. ఆ వెంటనే ఏడుపొచ్చేది.

ఆంజినమ్మకు ఆగడం కష్టమైంది. మొక్కు ముదిరితే ఉద్యోగానికి ఎసరని భయం. "ఈ శనివారం పోదామా అత్తా?" అని వారం వారం అడిగేది.

"ఇంకా బెత్తెడు కావల్ల," అనేది తిరుపాలమ్మ, హేమలత జడవైపు చూడనైనా చూడకుండా.

జూన్ మొదటి శనివారం పొద్దున్నే అవ్వే ఉతికిన చీర కట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

"లెయ్యండి, పోదాం. అయింది బెత్తెడు."

గుంతకల్లు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారంతా హేమలత జడను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కల్యాణకట్టలో నీళ్ళ వాసన, తడి వెంట్రుకల కుప్పలు. క్షురకుడు చేత్తో పిలిచాడు. హేమలత జడ విప్పి, కళ్ళు మూసుకుని పీట మీద కూర్చోబోయింది.

భుజానికి మోచేయి తగిలింది.

"జరుగు మే," అంటూ తిరుపాలమ్మ పీట మీద కూర్చుని కొంగు తీసేసింది. నెత్తి నిండా ఆముదంతో నిగనిగలాడే తెల్లటి జుట్టు. కొలిచినట్టు బెత్తెడు.

ఆంజినమ్మ అదిరిపడింది. "అత్తా! మొక్కు మాది!"

"ఏమని మొక్కినావు?"

"మా ఇంట్లో ఆడమనిషి..."

"అయిదు నెల్లు మీ ఇంట్లో ముద్ద తింటి. నేనేమన్నా మొగోణ్ణా?"

"స్వామి ఒప్పుకుంటాడా?"

"ఆయప్పకు ఎంటికలు కావల్లగానీ ఓటరు లిస్టు కావల్నా?"

ఆంజినమ్మ గుడివైపు తిరిగి లెంపలు వేసుకుంది. హేమలత మాత్రం అవ్వ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "నాటకమంటిని గదవ్వా నిన్ను!"

"ఏడ్సినావంటే ఎంటికలు రాల్తాయి. నోరు మూసుకో."

రేపు మీరు తలకు నూనె పెట్టుకునేటప్పుడు తిరుపాలమ్మను ఒక్కసారి తలుచుకోండి. క్షురకుడు కత్తికి కొత్త బ్లేడు తొడుగుతూ ఆమె ముఖం చూశాడు, పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"ఈసారి ఎవురి మొక్కవ్వా?"