కదలని గీత

"ఇంకోసారి కొట్టు హనుమాండ్లూ," అంది హైమావతి.

హనుమాండ్లు బటన్ నొక్కాడు. మెషీన్ ఢబ్బుమంది. ఆసిల్లోస్కోపు తెర మీది గీత మాత్రం ఏమీ పట్టనట్టు కదలకుండా పడుకుని ఉంది.

లయ తప్పిన గుండెకు ఒక్క దెబ్బ కరెంటు ఇచ్చి దారిలో పెట్టే మెషీన్ అది. నాచారం షెడ్డులో హనుమాండ్లు చేతుల మీదుగా తయారైంది. ఆ దెబ్బ రెప్పపాటులో వచ్చి పోతుంది. దాన్ని కొలవడానికి హైమావతి స్వయంగా ఒక కాయిల్ చుట్టుకుంది. లోపల ఇనుము లేదు, ఉత్త ప్లాస్టిక్ గొట్టం మీద సన్నని రాగితీగ. మెషీన్ వైరు చుట్టూ చేతిగాజులా ఉంటుంది, దాన్ని తాకదు. వైరులో కరెంటు ఎగసి పడితే ఆ ఆకారం స్కోపు మీద కనిపించాలి. ఇవాళ కనిపించడం లేదు.

యజమాని రామచంద్రరావు షెడ్డు పైనున్న టెస్టింగ్ గదికి మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ స్టూలు లాక్కున్నాడు. ఆర్డరు తొందర మనిషిని మెట్ల మీద కూడా పరుగెత్తిస్తుంది కాబోలు అనుకుంది హైమావతి.

"వ్యాను కింద నిలబడి ఉందమ్మా. రేపు పొద్దున్నే నర్సింగ్‌హోంలో పేషెంటుకు దీన్ని వాడాలి."

"కరెంటు కనబడట్లేదు సార్. టెస్టు కాగితం మీద నేను సంతకం పెట్టలేను."

"చప్పుడు వస్తోందిగా."

"రెసిస్టర్ గూడ ఏడెక్కుతున్నది సార్," అన్నాడు హనుమాండ్లు. మనిషి ఒంటికి బదులు పెట్టిన రెసిస్టర్ అది.

"విన్నావుగా. తేడా నీ కాయిల్లోనే ఉంది. పంపించెయ్."

"ఎంత పోతోందో తెలియాలి కదా సార్. అటూ ఇటూ అయితే ప్రాణం మీదికొస్తుంది."

"హనుమాండ్లు పని మీద నాకు నమ్మకం."

హైమావతికి ఒళ్ళు మండింది. "మీ ఇంట్లో మనిషికైతే ఇలాగే పంపుతారా?"

"పంపుతాను," అన్నాడాయన, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

ఎంత తేలిగ్గా అనేశాడు! పరాయి ప్రాణమంటే అంత అలుసు. ఉద్యోగం పోతే పోయిందనుకుంది. అనుకున్నాక భయమూ వేసింది. ఆయన ముఖం చూడలేక కాయిల్ వైపు తిరిగింది. దాని మధ్యలోంచి వెళ్తున్న వైరు ఎప్పటికంటే లావుగా, కుంకుమబొట్టు పెట్టుకుని ముచ్చటగా ఉంది.

"ఇదేంటి హనుమాండ్లూ?"

"మొన్న ఆయుధపూజకు నేనే కట్టిన మేడం. రెండు వైర్లు ఆడొకటి ఈడొకటి ఏలాడుతుంటే మంచిగ లేదని, జోడిచ్చి దారం సుట్టిన."

పోయే వైరూ, తిరిగొచ్చే వైరూ రెండూ కాయిల్లోంచే వెళ్తున్నాయి. ఎదురెదురు కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే కాయిల్‌కు తెలిసేది సున్నాయే. హైమావతి దారం కత్తిరించి, ఒక్క వైరునే లోపల ఉంచింది.

ఈసారి గీత నిటారుగా లేచింది. ఉండాల్సిన ఎత్తు దాకా వెళ్ళి, నున్నగా వంగి దిగింది. ఇంకో నాలుగుసార్లు కొట్టించినా అంతే. హైమావతి సంతకం పెట్టింది.

"రేపు మెషీన్‌తో నువ్వే వెళ్ళమ్మా. నేను ముందే అక్కడుంటాను," అంటూ లేచాడు రామచంద్రరావు.

డాక్టర్ల ముందు గొప్పలు చెప్పుకోవడానికే అయ్యుంటుందని ఆమె మూతి తిప్పుకుంది.

మర్నాడు పొద్దున నర్సు కర్టెన్ పక్కకు లాగి, మెషీన్‌ను లోపలికి తెమ్మంది.

మంచం మీద రామచంద్రరావు పడుకుని ఉన్నాడు.