తక్కువ నష్టం

"బాబాయి నా మీద చెయ్యి వేశాడు నాన్నా," అంది ఉద్యోగం చేస్తున్న కూతురు.

కాలేజీలో తర్కం బోధించే తండ్రి పాఠం చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. "కొత్త సంగతి పాత నమ్మకాలతో పొసగకపోతే ఏదో ఒకటి వదులుకోవాలమ్మా. ఏది వదిలితే తక్కువ నష్టమో అదే. తమ్ముడు చెడ్డవాడనుకుంటే ఇల్లంతా తలకిందులవుతుంది. నువ్వు పొరబడ్డావనుకుంటే ఏదీ కదలదు."

"అంటే, నేను అబద్ధాలకోరునా?"

"అలా అనట్లేదు తల్లీ. ఇంకెవరి జోలికీ పోనని వాడు పోయినసారే నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు."

"పోయినసారా?"

తండ్రి నాలుక కరుచుకున్నాడు.

కూతురు వెనక్కి జరిగింది. తల నిమరబోయిన ఆయన చేతిని జెర్రిని విదిలించినట్టు విదిలించి, పోలీసులకు ఫోన్ చేసింది.

"ఫిర్యాదు ఇవ్వాలండీ," అంది. "ఇద్దరి మీద."