కళ్ల లెక్క

శైలజకు ఏడో నెల నడుస్తుండగా యుగేందర్ ఫోన్‌లో ఒక పట్టిక నింపాడు.

తల్లిదండ్రుల, వాళ్ల తాతల, అవ్వల కళ్ల రంగు రాస్తే పుట్టబోయే బిడ్డ కళ్లు ఏ రంగో చెప్తుందట.

తన వైపు అందరికీ నలుపు అని రాశాడు. శైలజ వైపు ఒక్క గడి దగ్గర ఆగాడు.

"మా అమ్మమ్మయి పిల్లి కండ్లు" అని నవ్వింది శైలజ.

ఫోన్ లెక్క తేల్చింది. బిడ్డవి నల్ల కళ్లే.

జనగామ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పిల్లి కళ్లు.

పసికండ్లు, మారుతయి అన్నారంతా. ఆరు నెలలు దాటినా మారలేదు. యుగేందర్ ఊరు బచ్చన్నపేటలో చూడవచ్చినవాళ్లు పిల్లను ముద్దు చేసి, బయటికి పోయాక చెవులు కొరుక్కున్నారు.

యుగేందర్ పిల్లల డాక్టరును అడిగాడు.

"ఇట్లాంటి కళ్లు మామూలుగా రెండు వైపుల నుంచీ రావాలి. మీ వైపు ఎవరికైనా ఉన్నాయా?"

"లెవ్వు సార్."

"మీకు తెలియకపోవచ్చు. తరాలు దాటి కూడా వస్తాయి. పరేషాన్ కావద్దు."

యుగేందర్ మొదటి మాట ఒక్కటే ఇంటికి మోసుకొచ్చాడు.

"మన ఇంట్ల ఎవ్వలకు లెవ్వు" అంది తల్లి ఐలమ్మ. "మీ నాయినకు లెవ్వు, మీ నాయినమ్మకు లెవ్వు. మరి ఏడికెల్లి వచ్చినయ్?"

ఆ మాట వంటింట్లో ఉన్న శైలజ విన్నది. మొగుడు ఏమంటాడోనని కాసేపు చూసింది. అతను ఫోన్ తీసి మళ్లీ ఆ పట్టికే చూసుకున్నాడు.

మర్నాడే పిల్లను సంకనేసుకుని రఘునాథపల్లిలోని పుట్టింటికి పోయింది.

రెండు నెలల తర్వాత ఒక ముసలమ్మ యుగేందర్ వాకిట్లో నిలబడింది.

"సోమనర్సయ్య ఇల్లు గిదేనా బిడ్డా?"

"మా నాయిననే. ఆయన పోయి మూడేండ్లాయె. నువ్వెవలు?"

ఎనభై దాటిన మనిషి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫ్రీ బస్సు కోసం పట్టుకొచ్చిన ఆధార్ కార్డు. బయ్యారం నుంచి మూడు బస్సులు మారి వచ్చానంది. ఆమెవి పిల్లి కళ్లు.

యుగేందర్‌కు సంగతి అర్థమైంది.

"శైలజోళ్లు పంపిండ్రా? ఆమె అమ్మమ్మకు చెల్లెవా?"

ముసలమ్మ కర్ర పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది.

"నీ పెండ్లాన్ని తెచ్చుకో బిడ్డా. ఆ పిల్ల ఏ తప్పు చెయ్యలే."

"నీకెట్ల తెలుసు?"

ఆమె గోడ మీది సోమనర్సయ్య ఫోటో వైపు చూసింది.

"ఒట్టేసిన. చెప్పరాదు."

"గా కండ్లు మీ దిక్కు ఉన్నయని మాకెప్పుడో ఎరుక. మా దిక్కు లెవ్వు. కొట్లాటనే గది."

ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"జరంత అన్నం తిను అవ్వా, ఎండల పడి వచ్చినవ్" అంది ఐలమ్మ.

"నీళ్లు చాలు."

చెంబెడు నీళ్లు తాగి ఐలమ్మను అడిగింది.

"సచ్చేటప్పుడు బాధపడ్డడా?"

"లేదవ్వా. గుండె ఆగింది. నిద్రల్నే పోయిండు."

"మంచిగ బతికిండా?"

"మంచిగనే బతికిండు."

ముసలమ్మ తల ఊపి లేచింది. యుగేందర్ బండి తీయలేదు. ఆమె కర్ర పొడుచుకుంటూ బస్టాండు దాకా నడిచే పోయింది.

వారం తిరక్కుండానే పెద్దమనుషులు కూర్చున్నారు. డీఎన్ఏ పరీక్ష చేయిద్దాం, నిజం తేలిపోతుంది అన్నాడు శైలజ తమ్ముడు నగేశ్.

"తేలినంక మల్ల ఆ ఇంటికే పోవాల్నా?" అంది శైలజ. "నాకద్దు."

ఇద్దరూ విడాకుల కాగితం మీద సంతకాలు పెట్టారు. శైలజ ఏడవలేదు. యుగేందర్‌కు కూడా ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు, పడుకున్నాడు, పొద్దున లేచి పనికి పోయాడు.

ఇంకో వారం గడిచింది. ఈసారి అరవై దాటిన ఆడమనిషి వచ్చింది.

"మొన్న మీ ఇంటికొచ్చిన ముసలామె నా తల్లి. పానం పోయింది. ఎల్లుండి దినాలు. చెప్పి పోదామని వచ్చిన."

"శైలజోళ్లకు చెప్పిండ్రా?" అన్నాడు యుగేందర్.

"శైలజ ఎవలు?"

యుగేందర్ ఆమె మొహంలోకి చూశాడు.

"మీ ఊరి పిల్ల ఒకామెను మా ఊరికిచ్చిండ్రు. మీ ఇంట్ల కండ్ల లొల్లి ఆమెనే చెప్పింది. ఇనంగనే మా అమ్మ బస్సెక్కింది" అంటూ ఆమె అరుగు మీద కూర్చుంది. "మీ నాయినమ్మకు పుట్టినోళ్లు పుట్టినట్టే పోయేటోళ్లట గద?"

"అవును" అంది లోపలి నుంచి వచ్చిన ఐలమ్మ. "గందుకే మా ఆయనను పుట్టంగనే పెంటకుప్ప మీద పెట్టి, ఎవలో కూలిపనికొచ్చినామె ఎత్తుకుంటె, చాటెడు తౌడిచ్చి ఆమె తాన కొనుక్కున్నరట. గట్ల కొనుక్కుంటె దక్కుతరని."

"ఆ కూలిపనికొచ్చినామె మా అమ్మనే. మా నాయిన సచ్చిన యేడు. నేను సంకల ఉంటి, అప్పుడే పుట్టినోడు ఒళ్లె ఉండె. మీ అత్త కన్న పిలగాడు ఆ పొద్దుగాల్నే పోయిండు. ఊరోళ్లకు ఎరుక లేదు."



"పిండం పెట్టనీకి ఎవలున్నరు?" అని అడిగింది ఐలమ్మ, ఇంకేమడగాలో తోచక.

"నాకు తమ్ముడు ఒక్కడే, సోమనర్సయ్య" అంది ఆమె యుగేందర్ చెయ్యి పట్టుకుని, "వాడు లేడు గద, గందుకే వాని కొడుకును తోల్కపోనీకి వచ్చిన."