ఆరు గంటల సద్దు

“ప్రకాష్ సనిపోయే ముందు నేను రాసిపెట్టిన కిలోమీటర్లే ఉండాయి మీటర్లో. ఆయిలు మాత్రం సగం లేదు. యాడికి పోయిందమ్మా?” భర్త బైకు తోసుకొచ్చిన స్వప్నను మెకానిక్ జిలాని బాషా అడిగాడు.

ఆమె బైకుకు స్టాండు వేసింది.

“సరే, ఈసారి చిక్కటి ఆయిల్ పోస్తా. ఇంత తాగదు, సద్దు కూడా మెత్తగవుతాది.”

“వద్దన్నా! సద్దు మారకూడదు.”

“ఎందుకు?”

“మా అత్తకు కండ్లు కానరావు, మతి నిలవదు. కొడుకు లేడని రోజూ మర్సిపోతాది. సాయంత్రం ఆరుకు వాకిట్లో బండి స్టార్ట్ సేసి కాసేపు ఉంచుతా. ‘వచ్చినాడు’ అనుకొని అన్నం తింటాది.”

బాషా పాత రకం ఆయిలే పోసి బండి స్టార్ట్ చేశాడు.

అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్న స్వప్న, ఆ చప్పుడు వినగానే వీధి మలుపు వైపు చూసింది.