మూడో బెజ్జం

వంటవాడు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

“మీ ఇద్దర్లో ఒకళ్ళు వంటింట్లోకి వెళ్ళాలి” అంది నోరీన్, గుర్రాల కొట్టం గుమ్మంలో నిలబడి. ఆ ఆవులూ గుర్రాలూ కొండవాలు గడ్డీ అన్నీ ఆవిడవే. ఎదురుగా ఉన్న లెస్టర్, డూయీ ఆవిడ తండ్రి కాలం నుంచీ అక్కడే ఆవుల్ని తోలుతున్నారు.

“వాణ్ణి పంపించు” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“అలా తేలదు. దూడలకి వాతలేసే రోజు పొద్దున్న మీ జీన్లు చూస్తాను. ఎవరి రికాబు మూడో బెజ్జం దాటి పైకెక్కిందో వాళ్ళకి ఏప్రన్. ఎక్కించకుండా, కాలు అందక వేలాడినా ఏప్రనే.”

రూబీ కొండల కింద ఈ లెక్క అందరికీ తెలుసు. వయసు అడిగితే అక్కడి మగాళ్ళు అబద్ధం చెబుతారు, రికాబు చెప్పదు. మోకాళ్ళు బిగుసుకుపోయి కాలు చాపడం కష్టమైనప్పుడు, జీనుకి వేలాడుతూ పాదానికి ఊతమిచ్చే రికాబు పట్టీని ఒక బెజ్జం పైకి జరుపుకోవాలి. జరుపుకున్నవాడు ముసలివాడైపోయినట్టే. లెస్టర్, డూయీలు మీసాలు నల్లగా ఉన్న రోజుల నుంచీ మూడో బెజ్జం మీదే ఉన్నారు.

“ఏరా డూయీ, నీ ఏప్రన్‌కి పూలు కుట్టించనా, చారలు చాలా?” అన్నాడు లెస్టర్.

“నీ కొలతకి కుట్టించరా. పొట్ట దగ్గర గుడ్డ కాస్త ఎక్కువ తీసుకో.”

లెస్టర్ నవ్వాడు కానీ లోపల భయంగానే ఉంది. కొన్నాళ్ళుగా చూస్తున్నాడు. గుర్రం ఎక్కి కూర్చున్నాక డూయీ కుడికాలు రికాబు కోసం గాల్లో వెతుక్కుంటోంది. ఆ కాసేపూ డూయీ ఆకాశంలోకి చూస్తూ, “వాన వచ్చేలా లేదే” అంటాడు. నోరీన్ కళ్ళ ముందు కూడా వాన గురించే మాట్లాడితే వాడి పని అయిపోయినట్టే.

డూయీ ఒకసారి వండిన చిక్కుడు గింజల్ని కుక్క మట్టిలో పాతిపెట్టింది. అది వేరే సంగతి. డూయీ లేకుండా కొండెక్కడం లెస్టర్‌కి ఇష్టం లేదు. రోజంతా ఆవుల వెనక తిరిగేటప్పుడు తిట్టుకోవడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా.

ఏటా ఆ రోజుల్లో జీన్ల పని చేస్తారు. రికాబు పట్టీలు విప్పి, కడిగి, తడిగా ఉండగానే మెలిపెట్టి, రెండు రికాబుల్లోంచీ అడ్డంగా చీపురు కర్ర దూర్చి ఆరనిస్తారు. అప్పుడు రికాబులు గుర్రం పొట్టకి అతుక్కోకుండా ముందుకు తిరిగి, కాలు పెట్టడానికి వీలుగా నిలుస్తాయి. కాబట్టి కొట్టంలో తడి పట్టీ కనబడితే ఎవరూ ఏమీ అడగరు.

డూయీ క్షవరానికి ఊళ్ళోకి వెళ్ళిన రోజు లెస్టర్ తలుపు మూసుకున్నాడు. డూయీ జీను ఇటుక రంగుది. దాని పట్టీలు రెండూ విప్పి, బకిల్ బిగించి ఉన్న కొసల్ని రెండు వేళ్ళ మేర కోసేశాడు. పాత రివిట్ల గుర్తులు ఆ ముక్కలతోనే పోయాయి. బకిల్‌ని కొత్త కొసకి మళ్ళీ రివిట్లు కొట్టి బిగించాడు. పట్టీ పొట్టిదైంది, మూడో బెజ్జం మాత్రం మూడో బెజ్జంలాగే ఉంది. అన్నీ తడిపి, మెలిపెట్టి, చీపురు దూర్చాడు. కోసిన ముక్కల్ని పొయ్యిలో వేశాడు.

మర్నాడు లెస్టర్ ఊళ్ళో పన్ను పీకించుకుని వచ్చేసరికి, తన జీనుకి దూర్చిన చీపురు కుచ్చు తలుపు వైపుంది. గోడ వైపు పెట్టినట్టు గుర్తు. మతిమరుపు కూడా మొదలైందన్నమాట. నోరీన్‌కి తెలియకూడదనుకున్నాడు.

వాతల రోజు వచ్చింది. నోరీన్ వంగి రెండు జీన్లూ చూసింది. ఇటుక రంగుదీ మూడో బెజ్జమే. నూనె తాగి తాగి నల్లబడిన లెస్టర్‌దీ మూడో బెజ్జమే.

“ఎక్కండి.”

డూయీ ఎక్కాడు. కుడికాలు నేరుగా వెళ్ళి రికాబులో కూర్చుంది. “చూశావా అమ్మాయ్, కుర్రాడి కాలు” అన్నాడు. లెస్టర్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత లెస్టర్ ఎక్కాడు. ఎక్కేటప్పుడు రికాబు కాస్త ఎత్తుగా తగిలింది. చలికాలమంతా మేసి గుర్రం బలిసిందనుకున్నాడు. పైకెక్కాక మాత్రం హాయిగా ఉంది. మోకాలు కలుక్కుమనలేదు. రోజూ పడుకోబోయే ముందు రాసుకుంటున్న గుర్రాల మందు పనిచేసినట్టుంది. పాపం డూయీ, వాడికి పట్టీలు కోయాల్సి వచ్చింది, తనకి మందు సరిపోయింది.

“నీ కాళ్ళు కూడా ఫరవాలేదురా” అన్నాడు డూయీ.

“నీతో పోల్చకు. నావి అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.”

నోరీన్ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. ఏప్రన్ విదిలించి తనే కట్టుకుంది. “ఈసారికి నేనే వండుతాను. వంక పెట్టినవాడికి రేపు కాఫీ లేదు” అని లోపలికి వెళ్ళిపోయింది.

దొడ్డి పక్కన వాతల మంట రాజుకుంది. ఇనుప కమ్మీలు ఎర్రబడుతున్నాయి. డూయీని పొట్టికాళ్ళవాడా అని ఒకసారి తిట్టి, లెస్టర్ ఈల వేసుకుంటూ మొదటి దూడ వెనక గుర్రాన్ని దౌడు తీయించాడు.

వాడు అటు తిరగగానే, డూయీ చొక్కా జేబులోంచి లెస్టర్ జీను పట్టీల నల్లటి కొసలు రెండూ తీసి, మంటలో పడేశాడు.