చిక్కటిదా, పలచటిదా

“ఆ డబ్బా మూత తియ్యకు అమ్మడూ. ఒక్క నిమిషం ఆగు.”

షెడ్డు గుమ్మంలో తండ్రి గొంతు వినబడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎర్ర రేసు కారు బానెట్ తెరిచి ఉంది. పాత ఆయిల్ దించేసి, ఫిల్టర్ మార్చి, గరాటు పెట్టి సిద్ధంగా ఉంచింది. రేసుకి ఇంకా మూడు గంటలే టైముంది.

ఆయన ముప్ఫై ఏళ్ళుగా రేసు ఇంజన్లతోనే బతికిన మనిషి. ట్రాకు దగ్గర ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ మేస్త్రి. ఆమె పానా పట్టడం నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఒక ఇంజన్ పూర్తిగా ఆమె చేతికి రావడం మాత్రం ఇదే మొదటిసారి.

“నువ్విక్కడికి రావాల్సింది కాదు నాన్నా,” అందామె బయటికి తొంగిచూసి. “ఎవరైనా చూస్తే బావుండదు.”

“చూడనీ. తండ్రి కూతురి దగ్గరికొచ్చాడంటారు. అంతకన్నా ఏమంటారు?” కళ్ళజోడు సర్దుకుని డబ్బా మీది అంకెలు చదివాడు. “అనుకున్నాను. పలచటిదే తెచ్చావు. రాత్రి అన్నాల దగ్గర నేను మొత్తుకున్నదంతా గాలికి పోయింది.”

“ఆయిల్ మాటెత్తితే గిన్నెలు లోపల పెట్టేస్తానంది అమ్మ. ఆ భయంలో సగమే విన్నాను.”

“మిగతా సగం ఇప్పుడు విను. బయట ఎండ చూశావా? ట్రాకు చుట్టూ ఇరవై అయిదు లాపులు. ఈ పలచటి ఆయిల్ కాగి కాగి నీళ్ళయిపోతుంది. పదిహేనో లాపుకి బేరింగులు ఒరుసుకుని ఇంజన్ పట్టేస్తుంది. నేనైతే చిక్కటిదే పోస్తాను.”

“నీ ఇంజన్లు వేరు నాన్నా. వాటిలో బేరింగుకీ షాఫ్టుకీ మధ్య సందు ఎక్కువ. ఆ సందు నిండాలంటే చిక్కటిదే కావాలి. దీంట్లో ఆ సందు నేను తగ్గించాను. ఇప్పుడు చిక్కటిది పోస్తే పంపు దాన్ని తొయ్యడానికే ఆపసోపాలు పడుతుంది. చక్రాలకి పోవాల్సిన బలం అక్కడే ఖర్చయిపోతుంది.”

“మాటల్లో అన్నీ బాగానే ఉంటాయి.”

ఆమె జేబులోంచి జిడ్డు మరకల పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టింది. మూడు రోజుల ప్రాక్టీసు. లాపు లాపుకీ ఆయిల్ వేడి ఎంత, ప్రెషర్ ఎంత, వరసగా రాసి ఉన్నాయి. వేడి ఒక్కసారి కూడా నూట పది డిగ్రీలు దాటలేదు. ప్రెషర్ కూడా ఎక్కడా జారలేదు. తప్పు దొరుకుతుందేమోనని మేస్త్రి రెండుసార్లు చదివాడు. దొరకలేదు. అయినా గుండె ఒప్పుకోలేదు.

“ప్రాక్టీసు వేరు, రేసు వేరు. ఇంజన్ పోతే మళ్ళీ నీ చేతికి ఇంకో ఇంజన్ ఎవడూ ఇవ్వడు తల్లీ.”

“తెలుసు. పోతే నా తెలివితక్కువతనంతోనే పోనీ. నీ మాట విని గెలిస్తే అది నీ గెలుపవుతుంది. నాకు నాది కావాలి.”

ఆయన పుస్తకం తిరిగిచ్చేశాడు. కాస్త పక్కకి ఒరిగిన గరాటుని నిటారుగా సరిచేసి, బయటికి నడిచాడు. వెనక, ఆయిల్ బుడబుడమంటూ ఇంజన్లోకి దిగుతున్న చప్పుడు వినబడింది.

రేసు మొదలైన దగ్గరనుంచీ నీలం కారే ముందుంది. ఎర్ర కారు దాని వెనక నాలుగు సెకన్ల దూరంలో. మేస్త్రి ట్రాకు పక్క గోడ మీదికి వంగి చూస్తున్నాడు. చేతిలో స్టాప్‌వాచ్ ఉంది గానీ, దాన్ని నొక్కడం ఎప్పుడో మర్చిపోయాడు.

“ఇంజన్ తట్టుకుంటుందా మేస్త్రీ?” పక్కనే నిలబడ్డ కారు ఓనర్ అడిగాడు.

“తట్టుకుంటుంది,” అన్నాడు మేస్త్రి, ఎర్ర కారు మీంచి చూపు తిప్పకుండా.

పదిహేనో లాపు వచ్చింది. మలుపు దగ్గర ఎర్ర కారు వెనక తెల్లగా ఏదో లేచింది. మేస్త్రి గోడ మీద ఇంకా ముందుకి వంగాడు. పొగ అనుకున్నాడు. కారు మలుపు దాటి వచ్చాక చూస్తే దుమ్ము. ఇంజన్ పాట మారలేదు. ఒక్క స్వరం కూడా తప్పకుండా, కడుపు నిండిన పిల్లి గుర్రుమన్నట్టు హాయిగా ఉంది.

ఇరవయ్యో లాపుకి మధ్య దూరం మూడు సెకన్లు. ఇరవై మూడుకి ఒకటిన్నర. ఆఖరి లాపులో రెండు కార్లూ పక్కపక్కనే తిన్నటి దారిలోకి దూసుకొచ్చాయి. నీలం కారు చేయగలిగిందంతా చేసింది. ఎర్ర కారులో ఇంకా కొంచెం మిగిలి ఉంది. ముక్కు ముందుకొచ్చింది, తర్వాత సగం కారు, తర్వాత మొత్తం.

జెండా ఊగింది. మేస్త్రి టోపీ తీసి ఆకాశంలోకి విసిరాడు. అరవై ఏళ్ళ మనిషి, గొంతు బొంగురుపోయేలా కేకలు పెడుతూ గోడని రెండు చేతులా చరిచాడు. పక్కనున్న ఓనర్ నోరు తెరిచి ఆయన వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆమె జనాన్ని తోసుకుంటూ పరుగున వచ్చింది. మొహం నిండా జిడ్డు, ఆ జిడ్డు మధ్య తెల్లటి నవ్వు.

“ప్రెషర్?” అన్నాడు తండ్రి.

“జారలేదు నాన్నా. చివరిదాకా జారలేదు.”

ఆయన కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. “నా మాట వినలేదు, బతికిపోయావు,” అన్నాడు. “చిక్కటిది పోసుంటే ఆ ఆఖరి లాపులో నీ కారు అందుకోలేకపోయేది.”

“పోనీలే నాన్నా, నీకు కోపం రాలేదు, అంతే చాలు.”

“కోపమెందుకే పిచ్చిదానా? ముప్ఫై ఏళ్ళలో నన్నింత సంతోషపెట్టిన రేసు లేదు.”

ఎర్ర కారు వాళ్ళు వచ్చి ఆమెని భుజాల మీదికి ఎత్తుకున్నారు. బహుమతి మెట్ల వైపు వాళ్ళు నడుస్తుంటే, జనం తలల మీదుగా కూతురి ఎర్ర చొక్కా కనబడినంతసేపూ మేస్త్రి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

నీలం కారుకి మేస్త్రి ఆయనే.