కదిలిన పేజీ

“మామూలుగా రోగికి ఎలా పెడతావో అలాగే పెట్టు,” అంది నైరీ, కాలరు గుండీలు విప్పుకుంటూ.

డగల్ మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు. లోసా అంటుబిళ్లలు ఒక్కొక్కటే నైరీ ఛాతీ మీద అతికించి వైర్లు తగిలించింది. ఏళ్ల తరబడి నర్సు పని చేసిన చేతులు.

“ఆ రోజూ ఇలాగే పెట్టాను మేడమ్,” అంది తల ఎత్తకుండా.

“తెలుసు.”

మానిటర్ మీద పచ్చగీత లేచి పడుతోంది. అంకె డెబ్బై రెండు.

లోసా ఉద్యోగం చేసిన వార్డులో, పోయిన చలికాలం, పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు చనిపోయాడు. అతని గుండె ఆగిపోయినా ఎవరూ చాలాసేపు చూసుకోలేదు. లోసా నిద్రపోయి ఉంటుందని ఆసుపత్రి అంది. స్క్రీన్ మీద గుండె కొట్టుకుంటూనే ఉందని లోసా అంది. ఎవరూ నమ్మలేదు. రేపు వెల్లింగ్టన్‌లో లోసా మీద నర్సుల బోర్డు విచారణ. అందుకే ఆ మానిటర్లు తయారుచేసే కంపెనీకి నైరీ, లోసా కలిసి వచ్చారు. నర్సు తరఫు నిపుణురాలు వచ్చిందని రిసెప్షన్‌లో అమ్మాయి డగల్‌కు చెప్పింది. మానిటర్‌లోని డ్రైవర్, అంటే గుండె సంకేతాలు అందుకునే సెన్సర్ కార్డును నడిపే ప్రోగ్రాం, రాసింది డగలే.

“మా తప్పు వెతకడానికి ఇంత గాలిలో లోయర్ హట్‌లోని మా కంపెనీ దాకా కొట్టుకొచ్చారా?” అన్నాడు. “సెన్సర్ కార్డు అంకెల్ని ఏ మెమరీ పేజీలో రాస్తుందో, దానికి మేం తాళం వేశాం. అది ఎక్కడికీ పోదు.”

“తాళం వేస్తే డిస్కుకు పోదు. మెమరీలోనే ఇంకో చోటికి పోవచ్చుగా?”

“ఎందుకు పోతుంది?”

“మెమరీ ఇరుకైతే, దాన్ని చూసుకునే కెర్నెల్ పేజీల్ని అటూ ఇటూ జరిపి చోటు చేసుకుంటుంది. మీ ప్రోగ్రాం జరిగిన పేజీ వెంటే వెళ్తుంది. కార్డుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. అది పాత చోటే రాసుకుంటూ పోతుంది.”

“మరి స్క్రీన్?”

“పేజీలో మిగిలిన చివరి కొట్టుకోవడాన్నే మళ్లీ మళ్లీ గీస్తుంది.”

డగల్ నవ్వాడు. “కాగితం మీద బాగానే ఉంది.”

నైరీ తను తెచ్చిన చిన్న ప్రోగ్రాం మానిటర్‌లో నడిపింది. అది మెమరీని ముక్కలు ముక్కలుగా నింపసాగింది. కాసేపటికి ఆమె ఛాతీ మీది బిళ్లలన్నీ పట్టి పీకేసింది.

పచ్చగీత లేచి పడుతూనే ఉంది. డెబ్బై రెండు. ఏ అలారమూ మోగలేదు.

“ఇదే,” అంది లోసా. “ఇలాగే ఉండింది. దేవుడి మీద ఒట్టు, ఇలాగే.” గోడకు ఆనుకుని మొహం కప్పుకుంది.

 డగల్ మానిటర్ ఆపడానికి చెయ్యి చాపాడు.

“కాసేపు ఉండనివ్వండి,” అంది నైరీ.

ఆమె ఆ గీతనే చూస్తూ నిలబడింది.  చివరికి తనే స్విచ్ నొక్కింది.

డగల్ తన డ్రైవర్ తెరిచి, ఆ పేజీని కదలనివ్వకుండా పిన్ చేయమని కెర్నెల్‌కు చెప్పే మాట చేర్చాడు. మళ్లీ బిళ్లలు పెట్టారు, మళ్లీ మెమరీ నింపారు, మళ్లీ పీకారు. ఈసారి గీత చదునైపోయింది. గది దద్దరిల్లేలా అలారం మోగింది.

“వచ్చే వెర్షన్‌లో ఇది పెట్టేస్తాం,” అన్నాడు డగల్ మెల్లగా. “రేపు విచారణలో ఈ గొడవంతా చెప్పాలా? కంపెనీ మూతపడుతుంది. ఇక్కడ అందరూ కుటుంబాలున్న వాళ్లే.”

“ఈ పెట్టె ఇప్పుడు ఎంతమంది మంచాల పక్కన ఉంది?”

అతను మానిటర్ వైపు చూశాడు.

“వాళ్లకీ ఉన్నాయి కుటుంబాలు.”

డగల్ కుర్చీలో కూలబడ్డాడు.  “ఆ పిల్లాణ్ని నేనే చంపాను కదూ,” అన్నాడు. 

లోసా నైరీ దగ్గరికొచ్చింది. “నాకోసం ఇంత చేశారు. నేనెలా...”

“నీకోసం కాదు లోసా. నాకు తెలియాలనిపించింది.”

డగల్ ఫోన్ అందుకున్నాడు. ముందు ఆసుపత్రులకు చెప్పి మానిటర్లన్నీ ఆపించాడు. తర్వాత నర్సుల బోర్డు నంబరు నొక్కుతూ ఆగాడు.

“ఎవరు కనిపెట్టారని అడుగుతారు. మిమ్మల్ని ఎవరని చెప్పను? నర్సు తరఫు నిపుణురాలనేనా?”

నైరీ గుండీలు పెట్టుకుంది.

“ఆ అబ్బాయి తల్లినని చెప్పండి.”